‘ఆగు!’ అన్న కంప్యూటరు

హైస్కూలు పిల్లలు నలుగురు చేరిన చోట ఈ రోజుల్లో సెల్‌ఫోను ఆటల ప్రస్తావన రాకుండా ఉండదు. ఏ ఆటలో బొమ్మలు నిజంలా కదులుతాయి, ఏ ఫోను సరిగ్గా గెలిచే వేళకు కదలకుండా నిలిచిపోతుంది, ఎవరు ఎన్నో మెట్టు దాటారు అని వాదనలు వేడివేడిగా సాగుతాయి. ఈ వాదనల్లో కంప్యూటరు గురించి రెండు అభిప్రాయాలు తరచు వినిపిస్తాయి. ‘‘కంప్యూటరు తప్పు చెయ్యదు’’ అనేది మొదటిది. ఆటలో ఓడిపోయినవాడి మాట రెండోది: ‘‘అదొక మొద్దు యంత్రం. నేను సరిగ్గానే కొట్టాను, దానికే తెలియలేదు!’’

ఈ రెండింటిలో ఏది నిజం? ఆటలోనైతే ఏది నిజమైనా పెద్ద నష్టం లేదు. ఓడిపోతే మళ్లీ మొదటి నుంచి ఆడవచ్చు. కాని మళ్లీ మొదలుపెట్టే వీలే లేనిచోట, ఏళ్ల తరబడి వందలమంది పడిన శ్రమ ఒక్క క్షణంలో సముద్రం పాలయ్యే చోట, ‘ఆగు’ అని కంప్యూటరు చెబితే దాని మాట వినాలా, వద్దా? అటువంటి చోటు మన కోస్తాలోనే ఉంది. అదే శ్రీహరికోట.

నెల్లూరు నుంచి మద్రాసు రోడ్డున దక్షిణంగా వెళ్లి, సూళ్లూరుపేట దగ్గర తూర్పుకు తిరిగితే పులికాట్ సరస్సు మీదుగా వేసిన రోడ్డు వస్తుంది. శీతాకాలంలో దానికి రెండువైపులా నీళ్లలో నిలబడ్డ ఎర్రకాళ్ల కొంగలను చూస్తూ వెళ్లడం ఒక వేడుక. ఆ రోడ్డు చివర ఉన్న దీవి శ్రీహరికోట. దీనికి ఒకపక్క సరస్సు, మరొకపక్క బంగాళాఖాతం. 2022 ఏప్రిల్ దాకా ఇది నెల్లూరు జిల్లాలో ఉండేది. జిల్లాల పునర్విభజనతో తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. రాకెట్ల ప్రయోగానికి ఈ దీవిని 1969లో ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్టు ఇక్కడి నుంచి మొదటిసారిగా లేచింది. 2002 నుంచి ఈ కేంద్రాన్ని సతీష్ ధావన్ పేరుతో పిలుస్తున్నారు.

తూర్పు తీరాన్నే ఎందుకు ఎంచుకున్నారు? భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతున్నదని మీరు చదువుకున్నారు. శ్రీహరికోట ఉన్న అక్షాంశం దగ్గర ఆ వేగం సెకనుకు సుమారు 450 మీటర్లు. తూర్పుకు ఎగిరే రాకెట్టుకు ఈ వేగం ఉచితంగా లభిస్తుంది. పైగా ఏదైనా తేడా వస్తే శకలాలు ఊళ్ల మీద కాకుండా సముద్రంలో పడతాయి. ప్రయోగం రోజున వేటకు వెళ్లవద్దని మన తీరంలోని మత్స్యకారులను హెచ్చరించేది ఇందుకే.

ఇక కంప్యూటరు సంగతికి వద్దాం. ఆటలో కంప్యూటరు చేసే పని ఏమిటి? సెకనుకు 30 సార్లో 60 సార్లో అవే ప్రశ్నలు తనకు తానే వేసుకుంటుంది. వేలు తెర మీద ఎక్కడ ఉంది? బంతి బ్యాటుకు తగిలిందా? తగిలితే ఫలానా పని చెయ్యి, తగలకపోతే ఫలానా పని చెయ్యి. అంతే! ఆ ‘ఫలానా’లను రాసిపెట్టింది ఎక్కడో కూర్చున్న ఒక మనిషి. ప్రయోగానికి ముందు, అంకెలను వెనక్కి లెక్కపెట్టే చివరి నిమిషాల్లో, శ్రీహరికోట కంప్యూటర్లు చేసేదీ సరిగ్గా ఇలాంటి పనే. ఈ ట్యాంకులో పీడనం ఎంత? ఆ కవాటం మూసుకుందా? బ్యాటరీ వోల్టేజి ఎంత? ప్రతి కొలతకూ ఇంతకు తగ్గరాదు, ఇంతకు మించరాదు అనే హద్దులు ముందే రాసి ఉంటాయి. ఏ ఒక్కటి హద్దు దాటినా లెక్క ఆగిపోతుంది.

రొయ్యల చెరువులున్న ఊళ్ల పిల్లలకు ఇది ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. రాత్రివేళ నాచుమొక్కలకు వెలుతురు ఉండదు కనుక అవి ఆక్సిజన్‌ను తయారు చేయవు, పైగా తామే వాడుకుంటాయి. తెల్లవారుజాముకు నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్ బాగా పడిపోతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాములకంటే తగ్గితే ఏరేటరు దానంతట అదే తిరిగేలా మీటరు పెట్టవచ్చు. మరి ఆ మీటరు కొనకు పాచి పట్టిందనుకోండి. చెరువులో ఆక్సిజన్ చక్కగా ఉన్నా అది ‘తక్కువ’ అనే చూపిస్తుంది. అప్పుడు కంప్యూటరు తప్పు చేసినట్టా, చేయనట్టా? ఈ ప్రశ్నను కాసేపు మనసులో ఉంచుకోండి.

1979 ఆగస్టు 10. శ్రీహరికోటలో ఎస్.ఎల్.వి.-3 నిలబడి ఉంది. ఎత్తు 22 మీటర్లు, బరువు 17 టన్నులు. మన దేశపు మొట్టమొదటి ఉపగ్రహ వాహకం అది. ప్రాజెక్టు డైరెక్టరు ఏ.పి.జె. అబ్దుల్ కలాం. ప్రయోగానికి 8 నిమిషాల ముందు వచ్చిన ఒక ఆదేశానికి రెండో దశలోని ఒక కవాటం తెరుచుకుంది. మలినం అడ్డుపడి తిరిగి మూసుకోలేదు. రాకెట్టును దారిలో నిలపడానికి రెండో దశలో చిన్న చిన్న ద్రవ ఇంజన్లుంటాయి. వాటిలో ఇంధనాన్ని మండించడానికి కావలసిన నత్రికామ్లం ఆ కవాటం గుండా కారిపోసాగింది. కంప్యూటరు లెక్కను ఆపేసింది. తర్వాత జరిగినది కలాం ఎన్నో సభల్లో స్వయంగా చెప్పారు. ద్రవం కారినా నిల్వ చాలినంత ఉంది, భయంలేదని నిపుణులు లెక్కవేసి చెప్పారు. ఆయన కంప్యూటరును పక్కకు పెట్టి ప్రయోగానికి ఆజ్ఞ ఇచ్చారు.

మొదటి దశ చక్కగా మండింది. రెండో దశలో నత్రికామ్లం లేక ఇంధనం ఒక్కటే బయటికి వచ్చింది. నియంత్రణ బలం సున్న. రాకెట్టు అదుపు తప్పింది. 317 సెకన్లకు ప్రయాణం ముగిసి, శ్రీహరికోటకు సుమారు 560 కిలోమీటర్ల దూరాన సముద్రంలో పడిపోయింది. పత్రికలవారి ముందు ఆ వైఫల్యాన్ని ఇస్రో అధ్యక్షుడు సతీష్ ధావన్ తన మీద వేసుకున్నారు. 1980 జులై 18న అదే రకం రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టినప్పుడు మాత్రం మాట్లాడమని కలాంనే ముందుకు పంపారు.

ఈ కథను అందరూ నాయకత్వానికి ఉదాహరణగా చెబుతారు. చెప్పదగినదే. నాకు మాత్రం ఇందులోని లెక్క మీదే ఆసక్తి. ఆ నిపుణులు తెలివితక్కువవారు కాదు. కాని కారిన ద్రవం ఎంతో లెక్క కట్టడం ఒకటి, కారడం ఆగిందా లేదా అని చూడడం మరొకటి. ‘ఆగు’ అని చెప్పడమే కంప్యూటరుకు తెలుసు. ఎందుకు ఆగాలో విడమరచి చెప్పడం దానికి రాదు. ఆ ‘ఎందుకు’ను తేల్చడం మనిషి వంతు. ఆ రోజు అది పూర్తిగా తేలకుండానే రాకెట్టు లేచింది.

ఇప్పుడు 22 ఏళ్లు ముందుకు వద్దాం. 2001 మార్చి 28న జి.ఎస్.ఎల్.వి. మొదటి ప్రయోగం. రాకెట్టు బరువు సుమారు 400 టన్నులు. దాని మొదటి దశ నిర్మాణం తెలిస్తేగాని ఆ రోజు కథ అర్థం కాదు. మధ్యలో ఘన ఇంధనంతో నిండిన పెద్ద మోటారు, దాని చుట్టూ ద్రవ ఇంధనంతో పనిచేసే నాలుగు ఇంజన్లు. ఘన ఇంధనం దీపావళి చిచ్చుబుడ్డిలాంటిది. ఒకసారి అంటుకుంటే ఆపడం ఎవరి తరమూ కాదు. ద్రవ ఇంజను కిరోసిన్ స్టవ్వు వంటిది. కవాటం కట్టేస్తే ఆరిపోతుంది. అందుకని ముందుగా నాలుగు ద్రవ ఇంజన్లను వెలిగిస్తారు. తర్వాత 4.8 సెకన్లకు గాని మధ్య మోటారును అంటించరు. ఆ కొద్ది సెకన్లలోనే నాలుగు ఇంజన్లూ సరిపడా బలం ఇస్తున్నాయా అని కంప్యూటరు పరీక్షిస్తుంది.

ఆ రోజు ఇంజన్లు వెలిగాయి. మంట కనిపించింది, పొగ లేచింది. సరిగ్గా ఒక్క సెకను మిగిలి ఉండగా అంతా ఆగిపోయింది! నాలుగింటిలో ఒక ఇంజను కావలసిన బలం ఇవ్వడంలేదని కంప్యూటరు కనిపెట్టి, మిగతా మూడింటినీ ఆర్పేసి, మధ్య మోటారును అంటించకుండా వదిలేసింది. ఆ ఒక్క సెకనూ గడిచి ఉంటే 400 టన్నుల రాకెట్టు ఒకవైపు బలం తక్కువై లేచి ఉండేది. ఇక్కడ మనిషిని అడిగే వ్యవధి ఎక్కడిది? వెలుతురు కనపడగానే మీట నొక్కమంటేనే మనకు దాదాపు పావు సెకను పడుతుంది. నాలుగు ఇంజన్ల కొలతలు చదివి, పోల్చి, నిర్ణయించడం ఎంత చురుకైన ఆటగాడికైనా సాధ్యం కాదు. రాకెట్టు దక్కింది. సరిగ్గా మూడు వారాలకు, ఏప్రిల్ 18న, అదే రాకెట్టు పైకి లేచింది. (పై దశలో వేగం కొంచెం చాలక ఉపగ్రహం అనుకున్న కక్ష్యకు చేరలేదు. అది వేరే కథ.)

‘‘అయితే కంప్యూటరు మాటే వేదమన్నమాట!’’ అనకండి. 2022 ఆగస్టు 7న ఎస్.ఎస్.ఎల్.వి. అనే చిన్న రాకెట్టు తొలిసారి ఎగిరింది. దానిలో ఒక పెద్ద ఉపగ్రహంతోపాటు ఆజాదీశాట్ అనే 8 కిలోల బుల్లి ఉపగ్రహం కూడా ఉంది. దానిలోని భాగాలను దేశమంతటా ఉన్న 75 పాఠశాలల నుంచి 750 మంది ఆడపిల్లలు కూర్చారు. అంటే మీ ఈడువాళ్లే!

మూడు దశలూ చక్కగా మండాయి. కాని రెండో దశ విడిపోయేటప్పుడు లిప్తపాటు గట్టి అదురు పుట్టింది. రాకెట్టులో త్వరణమాపకాలనే పరికరాలుంటాయి. బస్సు డ్రైవరు బ్రేకు వేస్తే మన ఒళ్లు ముందుకు తూలి మనకు తెలియజేస్తుంది చూశారూ, రాకెట్టులో ఆ పని చేసేవి ఇవి. అదురు వాటి కొలతకు మించిపోయింది. ‘పరికరాలన్నీ ఇలాంటి అసాధ్యమైన అంకెలు చూపిస్తే చెడిపోయాయని అనుకో’ అని కంప్యూటరులో ముందే రాసి ఉంది. అది అలాగే అనుకుంది. బాగున్న పరికరాల మాటను పక్కనబెట్టి, ఆపద్ధర్మంగా పెట్టిన మోటు లెక్కతో నడిపింది. ఫలితంగా వేగం సెకనుకు సుమారు 56 మీటర్లు తగ్గింది. 356 కిలోమీటర్ల వృత్తాకార కక్ష్యకు బదులు, ఒక చివర భూమికి 76 కిలోమీటర్ల దగ్గరకు వచ్చే కక్ష్య ఏర్పడింది. అంత కిందికి వస్తే గాలి ఒరిపిడికి ఉపగ్రహం నిలవదు. రెండు ఉపగ్రహాలూ పోయాయి.

ఇక్కడ కంప్యూటరు చేసిన తప్పేమిటి? ఏమీ లేదు. రాసి ఇచ్చినది రాసినట్టు చేసింది. పాచి పట్టిన మీటరు దగ్గర మనం ఆగిన ప్రశ్నకు జవాబు ఇదే. కొలత నిజమేనా, దాని మీద రాసిన నియమం సరైనదేనా అని రెండూ చూడకుండా ‘కంప్యూటరు చెప్పింది’ అనడానికి అర్థం లేదు. ఆటలో ఓడిపోయి ఫోనును తిట్టే కుర్రవాడికీ ఈ మాటే చెబుతాను. ఇస్రోవారు కంప్యూటరును తిడుతూ కూర్చోలేదు. అదురు తక్కువ పుట్టించే విడదీత పద్ధతికి మారారు. పరికరాలు చెడ్డాయని తేల్చేముందు మరికాస్త ఎక్కువసేపు చూడమని నియమాన్ని తిరగరాశారు. 2023 ఫిబ్రవరి 10న రెండో ప్రయోగం జయప్రదమైంది. ఆజాదీశాట్-2 కక్ష్యకు చేరింది.

అదే ఏడాది అక్టోబరు 21 ఉదయం మరొక ‘ఆగు’. మనుషులను అంతరిక్షానికి పంపే గగన్‌యాన్‌కు అది ఒక పరీక్ష. ఆపద వస్తే వ్యోమగాముల గదిని రాకెట్టు నుంచి దూరంగా లాగేసే ఏర్పాటు పనిచేస్తుందా అని చూడాలి. ఆ రోజు గదిలో ఎవరూ లేరు. 8 గంటలకు అనుకున్న ప్రయోగం వాతావరణం వల్ల 8 గంటల 45 నిమిషాలకు మారింది. 5 సెకన్లు మిగిలి ఉండగా కంప్యూటరు ఆపేసింది. టీవీల ముందు, ఫోన్ల ముందు కూర్చున్నవారు ఉసూరుమన్నారు. ఇస్రో అధ్యక్షుడు సోమనాథ్ వచ్చి రాకెట్టు క్షేమంగా ఉందని, ఆగిన కారణాన్ని పరిశీలిస్తామని చెప్పారు. కారణం పట్టుకున్నారు, సరిచేశారు. సరిగ్గా 10 గంటలకు రాకెట్టు లేచింది. గది విడిపోయి, పారాచూట్లతో శ్రీహరికోటకు సుమారు 10 కిలోమీటర్ల దూరంలో సముద్రం మీద దిగింది. నావికాదళం వారు దాన్ని ఒడ్డుకు చేర్చారు.

ఇప్పుడు మీకొక పని. రొయ్యల చెరువులో మీటరు నిమిషానికి ఒకసారి ఆక్సిజన్ చూపిస్తుందనుకోండి. ఒకరాత్రి వరుసగా వచ్చిన అంకెలు: 5.1, 5.0, 2.0, 5.0, 4.9. మరొక రాత్రి: 4.4, 4.1, 3.8, 3.5, 3.3. మొదటి రాత్రి ఏరేటరు ఊరికే తిరగకూడదు. రెండో రాత్రి తిరగక తప్పదు. ఈ రెండింటికీ పనికివచ్చే నియమం ఒకటి, ‘ఇలా ఉంటే ఇలా చెయ్యి’ అనే పద్ధతిలో, మీ నోటుపుస్తకంలో రాయండి. తర్వాత దాన్ని మీ పక్కవాడికి ఇచ్చి, ఆ నియమాన్ని బోల్తా కొట్టించే మూడో వరస అంకెలు కనిపెట్టమనండి.