రాతి వంతెనకు కంప్యూటర్‌లో కవల

హైదరాబాద్‌: హైదరాబాద్‌ నగరం కంటే పురానాపూల్‌ వయసు పెద్దది. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా హయాంలో 1578లో మూసీ నదిపై 22 కమానులతో ఈ వంతెనను నిర్మించారు. చార్మినార్‌ వెలసింది ఆ తర్వాత పదమూడేళ్లకు. 1908 సెప్టెంబరు 28 నాటి వరదలో నదిపై ఉన్న మిగతా వంతెనలు దెబ్బతిన్నా ఇది నిలిచింది. నిన్నటి వరదకు తట్టుకున్న వంతెన రేపటి వరదకూ నిలుస్తుందా? ఆ మాట కంటితో చూసి చెప్పడం కష్టం. అందుకే పలు దేశాల ఇంజనీర్లు పాత వంతెనల పరిరక్షణకు ‘డిజిటల్‌ ట్విన్‌’ విధానాన్ని ఆశ్రయిస్తున్నారు. అంటే వంతెనకు కంప్యూటర్‌లో ఒక కవలను రూపొందించడమన్నమాట.

పైకి కనిపించని ముప్పు

2016 ఆగస్టు 2 రాత్రి మహారాష్ట్రలోని మహాడ్‌ వద్ద సావిత్రి నదిపై ఉన్న బ్రిటిష్‌ కాలపు రాతి వంతెన వరదకు కూలింది. రెండు ఆర్టీసీ బస్సులు ప్రయాణికులతో సహా కొట్టుకుపోయాయి. 2001 మార్చి 4న పోర్చుగల్‌లో డౌరో నదిపై 1887 నాటి వంతెన స్తంభం కుప్పకూలి 59 మంది మరణించారు. నదిలో ఏళ్ల తరబడి ఇసుక తవ్వడంతో పునాది కింది నేల కోతకు గురికావడమే ఇందుకు ప్రధాన కారణం.

పాత రాతి కమానులో ఇనుప చువ్వలు ఉండవు. రాళ్లు ఒకదానినొకటి నొక్కి పట్టుకోవడమే దాని బలం. పైబరువు కమాను వెంట స్తంభాలకు, అక్కడి నుంచి పునాదికి చేరుతుంది. స్తంభం కొద్దిగా కుంగినా, పక్కకు ఒరిగినా ఈ అమరిక చెదిరి కమాను రాళ్ల మధ్య అతుకులు విచ్చుకుంటాయి. లోపల నింపిన మట్టి వాననీటికి కొట్టుకుపోతున్నా బయటివారికి తెలియదు.

తయారీ ఇలా..

* లేజర్‌ స్కానర్‌తోనూ, డ్రోన్‌ తీసే చిత్రాలతోనూ వంతెన ఆకారాన్ని మిల్లీమీటర్ల స్థాయిలో నమోదు చేస్తారు.
* రాడార్‌ తరంగాలను పంపి లోపలి ఖాళీలను గుర్తిస్తారు. నీటి అడుగున నేల కోతను సోనార్‌తో కొలుస్తారు.
* కంపనం, ఒరుగు, పగుళ్ల వెడల్పు, ఉష్ణోగ్రత, నీటిమట్టం తెలిపే సెన్సర్లను అమరుస్తారు.
* ఈ వివరాలన్నింటితో కంప్యూటర్‌లో నమూనాను నిర్మించి, సెన్సర్ల కొలతలను దానికి నిరంతరం చేరవేస్తారు.

వంతెన ఎలా కదలాలో నమూనా లెక్కగట్టి చెబుతుంది. ఎలా కదులుతోందో సెన్సర్లు చెబుతాయి. రెంటికీ పొంతన కుదరని చోట ఇంజనీర్లు స్వయంగా వెళ్లి పరిశీలిస్తారు. ఫలానా ఎత్తున వరద వస్తే, ఒక స్తంభం కుంగితే ఏమవుతుందో కూడా ముందుగా నమూనాపైనే పరీక్షించవచ్చు.

లీడ్స్‌ అనుభవం

ఇంగ్లండ్‌లోని లీడ్స్‌ నగరంలో 19వ శతాబ్దపు మార్ష్‌ లేన్‌ రైలు వంతెనకు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు ఫైబర్‌ ఆప్టిక్‌ సెన్సర్లు అమర్చారు. రైలు వెళ్లిన ప్రతిసారీ కమానుల్లో కలిగే అతి స్వల్ప కదలికలను వాటితో కొలిచారు. ఇటువంటి పరిశీలనలో తొందరపాటు పనికిరాదు. ఎండకు, చలికి పగుళ్లు మూసుకుంటూ తెరుచుకుంటూ ఉంటాయి. కనీసం ఏడాది కొలతలు చేతిలో ఉంటేనే రుతువుల వల్ల కలిగే మార్పు ఏదో, అసలు దెబ్బ ఏదో తేల్చగలరు.

మరమ్మతుకూ మార్గదర్శి

పాత సున్నపు కట్టడాల పగుళ్లను సిమెంటుతో పూడ్చడం అనేకచోట్ల చేటు చేసింది. గట్టి సిమెంటు తేమను లోపలే బంధించడంతో చుట్టూ ఉన్న రాయి పెళుసుబారి రాలుతుంది. నష్టం ఎక్కడ ఉందో కచ్చితంగా తెలిస్తే ఆ మేరకే సున్నంతో మరమ్మతు చేయవచ్చు.

ఈ విధానానికి ఖర్చు ఎక్కువే. సెన్సర్లు చెడిపోతాయి, వాటిని చూసుకునే సిబ్బంది కావాలి. అయితే తొలి మెట్టు అంత భారం కాదు. వర్షాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి వంతెనను స్కాన్‌ చేసి, పునాదుల వద్ద నేల మట్టాన్ని కొలిచి భద్రపరిస్తే చాలు. పురానాపూల్‌ వంటి కట్టడం ఏటా ఎంత మారుతోందో తెలియాలంటే పోల్చి చూసేందుకు ముందటేడు కొలత ఉండాలి.