కాలవ రేవులో తెల్ల చీర

తాడేపల్లిగూడెం దాటాక ఏలూరు కాలవ గట్టు మీద ఒక రేవు. ఆదివారం పొద్దున్న ఆరున్నర. పాస్టర్‌గారు పంచె, తెల్ల చొక్కాతో నడుము లోతు నీళ్లలో నిలబడ్డారు. గట్టు మీద సంఘం పాట ఎత్తుకుంది. అరవై దాటిన ఒకావిడ మెట్లు దిగింది. నీళ్ల మీద తేలిపోతున్న తెల్ల చీర కుచ్చిళ్లను అరచేత్తో అదిమిపెట్టుకుంటోంది.

"పాపాలు ఒప్పుకున్నావామ్మా?"

"ఒప్పుకున్నానండి."

ముక్కుకి రుమాలు అడ్డం పెట్టి, వెనక్కి వాల్చి, ముంచి లేపారు. రెండు సెకన్లు కూడా పట్టలేదు. ఒకమ్మాయి తువ్వాలు కప్పింది.

ఏమనిపించిందండీ అనడిగాను. ఆవిడ పాపం మాట ఎత్తలేదు. మామ్మ మాట ఎత్తింది. "మా మామ్మ మంచినీళ్ల చెరువు గట్టు కింద బిందె పెట్టుకుని కూర్చునేదంటండి, ఎవరో ఒకరొచ్చి పోసేదాకా. చెరువులో చెయ్యి పెట్టకూడదు. మా అమ్మ చెప్పేది. ఇయ్యాళ నేను నిలువునా మునిగేనండి."

ఈ డెల్టాలో పాపక్షమాపణ గురించి రాయాలంటే ఆ బిందె దగ్గరే మొదలెట్టాలి. మైల వేరు, పాపం వేరు. మైల పుట్టుకతో అంటగట్టింది, ఎన్ని మునకలేసినా పోనివ్వరు. పాపం మనిషి చేసింది, ఒప్పుకుంటే పోతుంది. నీ పుట్టుకలో తప్పు లేదు, తప్పుంటే నువ్వు చేసిందాంట్లో ఉంది, దానికీ క్షమాపణ ఉందన్న మాట వాడల్లో ఎలా వినపడి ఉంటుందో ఊహించండి. జన్మపాపం అనే మాట క్రైస్తవంలోనూ ఉంది, నిజమే. కాకపోతే అది కరణంగారికీ పాలేరుకీ సమానమే.

విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు ఇంగ్లీషువాళ్లు 1836లో తెలుగు తీరానికి వచ్చి, నరసాపురం కేంద్రంగా ఈ మాట చెప్పడం మొదలెట్టారు. ఏలూరులో సి.ఎం.ఎస్. (చర్చ్ మిషనరీ సొసైటీ) మిషన్ 1854 నాటిది. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. సువార్తా, కాలవ నీళ్లూ కొంచెం అటూ ఇటూగా ఒకే తరంలో వచ్చాయన్నమాట. ఊరి చెరువుకి పెత్తందార్లుంటారు. కాలవ సర్కారుది. అలాగని కాలవ మీద కులం లేదనుకునేరు, రేవులు వేరేగానే ఉండేవి. కానీ గోదావరి పారుతూ పోతుంది, ఎవరి రేవులో తాకిన నీళ్లు ఎవరి రేవుకి వెళ్లాయో చెప్పగలిగినవాళ్లెవరు?

ఆర్.సి.ఎం., అంటే రోమన్ కాథలిక్ వాళ్ల మాటలు వేరు. బాప్తిస్మం అనరు, జ్ఞానస్నానం అంటారు. ఒప్పుకోలు అనరు, పాపసంకీర్తనం అంటారు. 1976లో ఏర్పడ్డ ఏలూరు మేత్రాసనం కింద గౌరీపట్నం నిర్మలగిరి పుణ్యక్షేత్రం ఉంది. మార్చిలో అక్కడ ఉత్సవాలు. అలాంటి పండగల్లో గురువులు కుర్చీలేసుకుని కూర్చుంటే, జనం పక్కన మోకరించి చెవిలో చెప్పుకుంటారు. విన్నది గురువు నోరు దాటకూడదు, అది కట్టుబాటు. మధ్యలో మనిషెందుకు, నేరుగా దేవుడికే చెప్పుకోవచ్చుగా అంటారు పాస్టర్లు. నాకైతే, చేసిన తప్పు ఒక మనిషి చెవిన పడితే గానీ దాని బరువు తెలియదనిపిస్తుంది.

బాప్తిస్మానికి ఇన్నేళ్లు ఎందుకాగారని అడిగితే రేవులో ఆవిడ కొడుకు వైపు చూసింది. అతను గట్టు దిగి బండి దగ్గరికి వెళ్లిపోయాడు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ కాడు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో తలుపు తీశారు. క్రైస్తవులకు తియ్యలేదు. మన రాష్ట్రంలో మతం మారిన ఎస్సీలకు దక్కేది బీసీ-సి కోటా, ఒక్క శాతం. అందుకే సర్టిఫికెట్లో ఒక మతం, సంఘం రిజిస్టర్లో ఒకటి. ఈ సంగతి తేల్చమని 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేశారు. ఆదివారం మందిరంలో కూర్చుని సోమవారం ఆఫీసులో కాదనడం పాపమేనా అని చదువుకున్న కుర్రాళ్లు అడుగుతుంటారు. ప్రార్థన ఎవరికి చేస్తున్నావో చూసి కులం తేల్చే కాగితం ముందు, తప్పు ఒప్పుకోవాల్సింది ఆ కుర్రాడేనా అని నాకు అనుమానం.

పాస్టర్‌గారిది కొల్లేటి లంక. బుడమేరు, తమ్మిలేరు తెచ్చి పోసిందంతా కొల్లేట్లోకే, సముద్రానికి దారి ఉప్పుటేరు ఒక్కటే, అది పూడుకుంటే ఊరు మునుగుతుంది. ఒప్పుకోని పాపమూ అంతేనని, ఈ పోలికతో ఆయన ఎన్ని ప్రసంగాలు చేశారో లెక్కలేదు. లంకల్లో ఇంట్లోకి నీళ్లొచ్చినవాళ్లకి అది పోలిక కాదు లెండి. 2006లో సర్కారు చేపల చెరువుల గట్లు కొట్టేసినప్పుడు ఎవరి వాటా ఎంత పోయిందన్న తగువులు కొన్ని ఇళ్లలో ఇంకా తెగలేదంటారాయన. "దేవుడు క్షమించాడంటే వెంటనే నమ్ముతారండి. తమ్ముణ్ణి క్షమించమంటే, చూద్దాంలే అయ్యగారూ అంటారు."

ఎవరు ఎవర్ని క్షమించారన్న లెక్క బయటపడేది బల్ల దగ్గర. రొట్టె, ద్రాక్షరసం పంచే ఆరాధనని ఇక్కడ బల్ల అంటారు. ఎవరితోనైనా మాటల్లేకుండా బల్ల తీసుకోకూడదని పట్టింపు. తీసుకోకుండా వెనక వరసలో కూర్చున్నవాళ్ల గురించి మధ్యాహ్నానికల్లా పేటంతా చెప్పుకుంటుంది.

తల తుడుచుకుంటూ ఆవిడే చెప్పింది. తోడికోడలితో నాలుగేళ్లుగా మాటల్లేవట. స్థలం గొడవ. ఒక ఎండాకాలం కాలవ కట్టేసినప్పుడు ఆ తోడికోడలు బిందె పట్టుకొస్తే, తన బోరు దగ్గర నీళ్లు పట్టుకోనివ్వలేదట. "మా మామ్మ సంగతి చెప్పుకుని ఏడ్చేదాన్నండి. మళ్లీ నేనే..." అని ఆగిపోయింది.

పదింటికి ఆరాధన. ఆవిడ రెండో వరసలో కూర్చుంది, జుట్టు ఇంకా ఆరలేదు. తోడికోడలు ఆవిడేనని ఎవరో గుమ్మం పక్క చాప మీద కూర్చున్న మనిషిని చూపించారు. చిన్న గ్లాసులున్న ట్రే వరసల్లో తిరుగుతూ ఆవిడ దాకా వచ్చింది. నేను చూడాల్సిన సంగతి కాదనిపించి తల దించుకున్నాను.