ఎండాకాలంలో కంప్యూటర్‌కు జంట ఫ్యాన్లు

నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ నల్లమల పీఠభూమి మీది ఊరు. చుట్టూ అడవే అయినా మే నెల ఎండ ఇక్కడా మాడ్చేస్తుంది. గదిలో వేడి 40 డిగ్రీలకు చేరితే డెస్క్‌టాప్ ప్రాసెసర్‌కు గడ్డుకాలమే. ఫ్యాన్ విసిరేది ఆ గది గాలినే కాబట్టి ప్రాసెసర్ అంతకన్నా చల్లబడదు. చాలా ప్రాసెసర్లు 95–100 డిగ్రీల దగ్గర తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి.

అందుకే కొందరు ప్రాసెసర్‌ను చల్లబరిచే టవర్ కూలర్‌కు రెండో ఫ్యాన్ బిగిస్తారు. ఒకటి ముందు నుంచి కూలర్ అల్యూమినియం రేకుల్లోకి గాలిని నెడుతుంది, రెండోది వెనక నుంచి లాగుతుంది. రెండూ గాలిని ఒకే దిక్కుకు పంపాలి. ఫ్యాన్ చట్రం మీద బాణం గుర్తుంటే దాన్ని చూసుకోవాలి. లేకపోతే, మోటారును పట్టి ఉంచే అడ్డపుల్లల వైపు నుంచే సాధారణంగా గాలి బయటికొస్తుంది. ఎదురెదురుగా బిగిస్తే ఒకదాని గాలికి ఇంకొకటి అడ్డు.

మదర్‌బోర్డు మీద సీపీయూ ఫ్యాన్ కనెక్టర్ ఒక్కటే ఉంటే ‘వై’ ఆకారపు కేబుల్‌తో రెండింటినీ కలపొచ్చు. అయితే రెండూ కలిసి లాగే కరెంటు బోర్డు పరిమితిని దాటకూడదు. చాలా బోర్డుల్లో అది 1 ఆంపియర్.

లాభం సాధారణంగా కొద్ది డిగ్రీలే. రేకుల మధ్య దుమ్ము పేరుకున్నా, ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్ట్ ఎండిపోయినా రెండో ఫ్యాన్ ఆదుకోలేదు. ముందు ప్లగ్ తీసేసి, మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి, పేస్ట్ మార్చి చూడాలి. అప్పటికీ వేడి తగ్గకపోతేనే కొత్త ఫ్యాన్‌కు డబ్బు పెట్టాలి.