ఆరు గజాల దక్కన్

హైదరాబాద్ చార్మినార్ దగ్గర లాడ్‌బజార్‌లోకి నాలుగడుగులు వేస్తే చాలు, కళ్లు జిగేల్‌మంటాయి. కొట్ల ముందు కూర్చుని గాజులు బేరమాడేవాళ్లలో చాలామంది నల్ల బురఖాల్లో ఉంటారు. ముస్లిం ఆడవాళ్ల కట్టూబొట్టూ గురించి మనకు తెలిసింది ఆ నలుపు వరకే. ఇంట్లోకి తొంగిచూసిన వాళ్లం కాదు.

ఆ ఇంట్లో పెళ్లి జరిగితే బయటికొచ్చేది ఖడా దుపట్టా. కుర్తా, చోళీ, చుడీదార్ పైజామా, వాటిమీద ఆరు గజాల దుపట్టా. అంటే మన చీరంత పొడవు! ఒంటిచేత్తో కట్టుకోవడం అయ్యేపని కాదు. పెళ్లికూతురు కదలకుండా నిలబడితే చుట్టూ చేరిన ఆడవాళ్లు భుజాల దగ్గర కుచ్చిళ్లు సర్ది పిన్నులు పెడతారు. తలమీద ముసుగు వేరే. అంచులకు గోటా అనే జరీ పట్టీ, గుడ్డనిండా కార్‌చోబీ అనే జరీ కుట్టుపని. మనం జాకెట్లకు చేయించుకునే మగ్గం వర్క్ దీనికి దగ్గరి చుట్టమే.

ఇక నగలు. నుదుట టీకా, తలకు ఓ పక్కగా ఝూమర్, చెవులకు కరన్‌ఫూల్, మెడలో ఏడు పేటల ముత్యాల సత్‌లడా. వీటన్నిటి మధ్యా నా చూపు నిలిచిపోయేది మాత్రం కాలీపోత్ లచ్ఛా మీద. సన్నటి నల్లపూసల పేటలవి. అవును, మన నల్లపూసలే. పెళ్లైన ఆడపిల్లకు నల్లపూసలు వెయ్యడం అరేబియా నుంచి వచ్చిన ఆచారం కాదు. పక్కపక్క ఇళ్లలో బతికిన దక్కన్ ఆడవాళ్లు ఒకరి దగ్గర ఒకరు తీసుకున్నది. ఏ చరిత్ర పుస్తకం కన్నా ఆ పూసల పేటే నాకు పెద్ద సాక్ష్యం.

కోడలిగా వచ్చినవాళ్లూ ఈ నేల కట్టునే కట్టారు. ఇస్తాంబుల్‌లో పుట్టి, 1931లో ఏడో నిజాం రెండో కొడుకును పెళ్లాడిన నీలోఫర్ చీరలతోనే లోకమంతా పేరు తెచ్చుకుంది. నగరంలో పసిపిల్లల పెద్దాసుపత్రి ఆమె పేరు మీదే ఉంది.

మళ్లీ పెళ్లికూతురి దగ్గరికొస్తే, ఆమె చేతులకు లక్క గాజులు ఉండాల్సిందే. బొగ్గుల సెగ మీద లక్కను మెత్తబరిచి, సన్నగా సాగదీసి, గుండ్రంగా చుట్టి, చల్లారకముందే మెరుపురాళ్లు ఒక్కొక్కటిగా అద్దుతారు. వేళ్లు కాలినా చెయ్యి ఆగదు. ఈ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. దుపట్టా మీద నెలల తరబడి నడుము వంచిన కార్‌చోబీ పనివాడి పేరు మాత్రం ఎవరికీ తెలియదు.

ఇప్పుడు పెళ్లిళ్లలో లెహంగాలు వచ్చాయి, అద్దె బట్టలూ వచ్చాయి. నచ్చింది వేసుకోవడం ఆ పిల్ల ఇష్టం, కాదనేవాళ్లం మనమెవరం? నా బాధల్లా పెట్టెలో ఉన్న పాతవాటి గురించే. వాటి జరీని కరిగిస్తే వెండి వస్తుంది. ఆ పనితనం మళ్లీ రాదు. మీ ఇంట్లో నానీ, అంటే అమ్మమ్మ, కట్టిన ఖడా దుపట్టా ఉంటే, వీధిలో ‘పాతజరీ కొంటాం’ అని కేక వినిపించినప్పుడు తలుపు తియ్యకండి.