పాత స్టాండర్డ్ కారు తూకానికి ఇచ్చే ముందు

గుడియాత్తం నుంచి మన సంఘం సభ్యురాలు ఒకావిడ మొన్న ఫోను చేశారు. "అన్నా, ఆయన కారు కొట్టంలో దుమ్ముపట్టి ఉంది. పాత ఇనుము బేరగాడు తూకం లెక్కన తీసుకుపోతానంటున్నాడు. ఇచ్చేసేదా?" వెళ్లి చూస్తే 1974 నాటి స్టాండర్డ్ గెజెల్! తొందరపడవద్దని చెప్పి వచ్చాను. వేలూరు వైపు ఇంకా ఎవరింట్లోనైనా ఇలాంటి బండి ఉంటుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఇవి మన మద్రాసు కార్లే. ఇంగ్లండు ట్రయంఫ్ హెరాల్డును స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వారు 1961 నుంచి ఇక్కడ తయారుచేశారు. 1972లో వెనక యాక్సిల్ మార్చి గెజెల్ అన్నారు. 1977తో అదీ ఆగింది.

తక్కువగా తయారైంది కాబట్టి లక్షలు పలుకుతుందనుకోవద్దు. నా లెక్కలో ఇలాంటి కారుకు ధర కట్టేది దొరకని విడిభాగమే. 948 సీసీ ఇంజను ఇంగ్లండు హెరాల్డుదే. అక్కడ ఆ కార్లకు క్లబ్బులూ, విడిభాగాల అంగళ్లూ ఉన్నాయి గనుక ఇంజను సామాను తెప్పించుకోవచ్చు. నాలుగు తలుపుల బాడీ మాత్రం అక్కడ లేనేలేదు, మన దేశంలోనే చేశారు. వెనక తలుపు పోతే ఇంకో పాత కారు విప్పాల్సిందే. అందుకే ఇంజను తిరగకపోయినా బాడీ నిండుగా ఉన్న కారే మేలు.

పెయింటు మెరుపు నమ్మకండి. తలుపుల కింది అంచుకు, డిక్కీ అడుగుకు చిన్న అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకోకపోతే అక్కడ ఉన్నది రేకు కాదు, పుట్టీ. ఈ కార్లకు చాసిస్ వేరుగా ఉంటుంది, బాడీని దానిమీద బోల్టులతో బిగిస్తారు. కిందికి దూరి చాసిస్ తుప్పు చూడనిదే ధర మాట ఎత్తకూడదు.

ఇక కాగితాలు. (గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది!) ఆర్.సి. పుస్తకం లేకపోతే బేరం సగానికి పడిపోతుంది. చాసిస్ నంబరు, ఇంజను నంబరు దానితో సరిపోవాలి. యజమాని పోయి ఉంటే వారసుల సర్టిఫికెట్టు తీసుకుని, ఫారం 31 పెట్టి ముందు పేరు మార్పించాలి. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చని సొంత కారును వింటేజ్ కింద కొత్తగా రిజిస్టరు చేయించవచ్చు. రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. రోజువారీ తిరగడానికి మాత్రం ఒప్పుకోరు. వేరే ఇంజను దించిన బండికి ఇక్కడే చిక్కు.

ఆవిడ కారుకు నాలుగు తలుపులూ ఉన్నాయి. ఆర్.సి. పుస్తకం కోసం బీరువా వెతుకుతున్నారు. బేరగాణ్ణి వచ్చే నెల రమ్మన్నారట.