ఆకాశంలో నీటి గొట్టాలు
గృహనిర్మిత విమానాలలో రోటరీ ఇంజను శీతలీకరణ

తన చేతులతో నిర్మించుకొన్న విమానంలో తానే ఎగరవలెనన్న మానవుని కోరిక విమానయాన చరిత్ర అంత పాతది. 1903లో తొలి విమానాన్ని ఎగురవేసిన రైట్ సోదరులు వృత్తిరీత్యా సైకిళ్ల దుకాణం నడిపేవారు. అమెరికాలో ఈ అభిరుచి గలవారు 1953లో మిల్వాకీ నగరంలో ప్రయోగాత్మక విమాన సంఘాన్ని స్థాపించుకొన్నారు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఆష్‌కోష్‌లో వేసవిలో ఆ సంఘం జరిపే సమావేశానికి వేలాది విమానాలు వస్తాయి. వాటిలో ఇంటి కొట్టాలలో తయారైనవి అనేకం. నిర్మాణంలో అధిక భాగాన్ని ఔత్సాహికులు స్వీయ విద్యకై, వినోదానికై స్వయంగా చేసి ఉండవలెనన్నది ఆ దేశపు నిబంధన.

ఇటువంటి విమానంలో పెద్ద ఖర్చు ఇంజనుది. విమానాలకై ధ్రువీకరించిన ఇంజన్ల ధర సామాన్య ఉద్యోగికి అందుబాటులో ఉండదు. అందుచేత కొందరు మోటారుకార్ల ఇంజన్లను ఆశ్రయించారు. వాటిలో రోటరీ ఇంజనుకు ప్రత్యేక స్థానం ఉన్నది. అయితే కర్మాగారంలో తయారైన ఇంజను ఎంత దృఢమైనదైనా, దాని చుట్టూ నీటి గొట్టాలను, రేడియేటర్లను అమర్చేది ఇంటిలోని నిర్మాతయే. ప్రయాణం క్షేమంగా సాగుతుందా లేదా అన్నది చాలవరకు ఆ అమరికపై ఆధారపడి ఉంటుంది.

తిరిగే త్రికోణం

జర్మన్ ఇంజనీరు ఫెలిక్స్ వాంకెల్ భావన ఆధారంగా ఎన్.ఎస్.యు. సంస్థలో 1957లో తొలి ప్రయోగాత్మక రోటరీ ఇంజను నడిచినది. జపానులోని హిరోషిమాకు చెందిన మాజ్డా సంస్థ 1967లో కాస్మో స్పోర్ట్ అనే కారులో రెండు రోటర్ల ఇంజనును ప్రవేశపెట్టినది. 1991లో ఆ సంస్థ నాలుగు రోటర్ల కారు ఫ్రాన్సులోని లె మాన్స్ 24 గంటల పందెంలో విజయం సాధించినది. విమాన నిర్మాతల అభిమానాన్ని పొందినది ఆ సంస్థవారి 13బి ఇంజను. ఒక్కొక్క రోటరుకు 654 చొప్పున దాని పరిమాణం 1,308 ఘన సెంటీమీటర్లు.

ఈ ఇంజనులో పైకి, క్రిందికి కదిలే పిస్టన్లు లేవు, కవాటాలు లేవు. నడుము కొద్దిగా నొక్కినట్లుండే అండాకారపు గదిలో, వంపు భుజాలు గల త్రికోణాకారపు రోటర్ తిరుగుతుంది. రోటర్ ఒక చుట్టు పూర్తి చేసేసరికి ప్రధాన షాఫ్టు మూడు చుట్లు తిరుగుతుంది. కదిలే భాగాలు తక్కువ గనుక విరిగేవి కూడా తక్కువ. దీనిని విమానాలకు ఎన్నుకొనడానికి ముఖ్యకారణం ఇదే.

ఒక ప్రక్క నిప్పు, ఒక ప్రక్క గాలి

పిస్టన్ ఇంజనులో చల్లని గాలి ప్రవేశించేదీ, ఇంధనం మండేదీ ఒకే సిలిండరులో. రోటరీ ఇంజనులో అట్లా కాదు. చల్లని మిశ్రమం ఎల్లప్పుడూ గదిలో ఒక ప్రక్కనే ప్రవేశిస్తుంది. దహనం ఎల్లప్పుడూ మరొక ప్రక్కనే జరుగుతుంది. అందువలన గది గోడ ఒకచోట మిక్కిలి వేడిగాను, మరొకచోట చల్లగాను ఉంటుంది. ఈ తేడాను అదుపులో ఉంచవలసినది గోడలలోని కాలువల గుండా ప్రవహించే నీరు. రోటర్లను లోపలినుండి చల్లబరచేది నూనె. కనుక ఈ ఇంజనుకు నీటి రేడియేటరుతోపాటు నూనెను చల్లబరచే పరికరం కూడా తప్పనిసరి.

13బి ఇంజనులో రోటర్ తిరిగే గదులు అల్యూమినియంతోను, వాటి ప్రక్క పలకలు పోతయినుముతోను చేయబడినవి. వేడికి ఈ రెండు లోహాలు ఒకే విధంగా వ్యాకోచించవు. వాటి నడుమ నీటిని ఆపేవి పలుచని రబ్బరు వలయాలు. ఇంజను ఒక్కసారి మితిమీరి వేడెక్కితే ఈ వలయాలు చెడిపోయి, నీరు దహన గదిలోకి చేరుతుంది. అప్పుడు ఇంజనును పూర్తిగా విప్పక తప్పదు.

కారు రోడ్డుపై పూర్తి శక్తిని వినియోగించేది కొద్ది క్షణాలు మాత్రమే. విమానమో, వేగం ఇంకా అందుకొనక ముందే, రేడియేటరుకు గాలి చాలినంత తగలక ముందే, పూర్తి శక్తితో పైకి లేవవలెను. పైగా కారు డ్రైవరు ఆవిరి కనిపించగానే బండిని చెట్టు నీడన ఆపుకొనగలడు. ఆకాశంలో ఆ సౌకర్యం లేదు.

ప్రవాహపు లెక్క

నీరు మోసుకొనిపోయే వేడికి లెక్క సులభం. ఉదాహరణకు, ఇంజను నీటిలోకి 80 కిలోవాట్ల వేడిని వదులుతున్నదనుకొందాం. సెకనుకు 2 లీటర్ల నీరు ప్రవహిస్తే, ఇంజనులో ప్రవేశించిన నీటికంటె వెలువడే నీరు సుమారు 10 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుంది. ఏదో ఒక ఇరుకు మలుపు వలన ప్రవాహం సగానికి తగ్గితే, ఆ తేడా 20 డిగ్రీలకు చేరుతుంది. గొట్టం లోపలి వ్యాసాన్ని తగ్గించరాదనీ, పదునైన వంపులు పెట్టరాదనీ అనుభవజ్ఞులు చెప్పడంలోని అంతరార్థం ఇది.

చాలామంది నిర్మాతలు కార్ల ఎయిర్ కండిషనర్లలోని చిన్న, మందపాటి కోర్లను రెండింటిని రేడియేటర్లుగా వాడినారు. వీటిని ఒకదాని తరువాత ఒకటిగా కలిపితే మొత్తం నీరు రెండింటి గుండా పోతుంది. కాని పంపు అధిగమించవలసిన నిరోధం పెరుగుతుంది. ప్రక్కప్రక్కన రెండు శాఖలుగా కలిపితే నిరోధం తగ్గుతుంది. కాని ఒక శాఖలో గాలి చిక్కుకొంటే నీరంతా రెండవ శాఖనే పట్టి, సగం రేడియేటరు నిరుపయోగమవుతుంది.

థర్మోస్టాట్ విషయంలో ఒక మోసం పొంచి ఉన్నది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు నీటిని రేడియేటరుకు పంపక తిరిగి పంపుకే చేర్చే దగ్గరి దారి ఒకటి ఈ ఇంజనులో ఉన్నది. ఇంజను వేడెక్కగానే థర్మోస్టాట్ అడుగు బిళ్ల ఆ దారిని మూసివేస్తుంది. ‘థర్మోస్టాట్ తీసివేస్తే నీరు ధారాళంగా పోతుంది’ అని భావించి దానిని తొలగించేవారు ఆ దగ్గరి దారిని కూడా మూయడం మరువరాదు. మరచినచో వేడినీటిలో కొంత భాగం రేడియేటరును చూడకుండానే తిరిగి ఇంజనుకు చేరుతుంది.

ఎత్తు, పీడనం, గాలిబుడగ

సముద్రమట్టంలో నీరు 100 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరుగుతుంది. 10,000 అడుగుల ఎత్తున సుమారు 90 డిగ్రీలకే మరుగుతుంది. కనుక విమానంలో పీడనాన్ని నిలిపే మూత అత్యవసరం. చదరపు సెంటీమీటరుకు ఒక కిలోగ్రాము అదనపు పీడనాన్ని నిలిపే మూత ఉంటే, నీరు సముద్రమట్టంలో సుమారు 120 డిగ్రీల వరకు, 10,000 అడుగుల వద్ద సుమారు 115 డిగ్రీల వరకు మరగదు.

ఈ మూత గల చిన్న తొట్టిని మొత్తం వలయంలో అన్నిటికంటె ఎత్తైన చోట అమర్చవలెను. ఇంజనులోను, రేడియేటర్లలోను గాలి చేరే శిఖర స్థానాలనుండి సన్నని గొట్టాలు ఆ తొట్టికి పోవలెను. తొట్టి అడుగునుండి ఒక గొట్టం పంపు పీల్చుకొనే వైపునకు రావలెను. పంపు నీటిని పీల్చే చోటనే పీడనం అతి తక్కువగా ఉండి, అక్కడనే ఆవిరి బుడగలు పుట్టే అవకాశం ఉన్నది. బుడగలు పుడితే పంపు రెక్కలు తిరుగుతూనే ఉన్నా నీరు కదలదు.

చిన్న బిగింపు, పెద్ద బాధ్యత

రబ్బరు గొట్టాన్ని నున్నని అల్యూమినియం గొట్టంపై తొడిగి బిగించినంత మాత్రాన చాలదు. పీడనానికి అది జారిపోగలదు. లోహపు గొట్టం అంచున ఉబ్బెత్తు కట్టు ఉండి, దాని వెనుక బిగింపు పడవలెను. ఇంజను కదలికను భరించడానికి నడుమ కొంత రబ్బరు భాగం ఉండవలెను. రోటరీ ఇంజను పొగగొట్టం విపరీతమైన వేడి గలది గనుక నీటి గొట్టాలను దానికి దూరంగా తీసుకొనిపోవలెను. వీలుకానిచోట నడుమ లోహపు తెర ఉంచవలెను.

ఇక పరికరాల మాట. గొట్టం ఊడి నీరంతా పోయినప్పుడు ఉష్ణోగ్రతను చూపే ముల్లు పైకి లేవకపోవచ్చును. దాని కొన నీటిలో గాక ఖాళీలో ఉంటుంది కనుక అది తప్పు చెబుతుంది. పైలట్ నిశ్చింతగా ఉండగానే ఇంజను మాడిపోతుంది. నీటి పీడనాన్ని చూపే మరొక ముల్లు, పీడనం పడిపోగానే వెలిగే ఎర్రదీపం ఉంటే ప్రమాదం ముందుగానే తెలుస్తుంది. దగ్గరలోని మైదానాన్ని వెదకుకొనడానికి ఆ కొద్ది నిమిషాలే ఆధారం.

మన దేశంలో

వాంకెల్ ఇంజను భారతదేశానికి కూడా పరిచితమే. 2009 ఏప్రిల్‌లో కోలారు సమీపాన ‘నిశాంత్’ అనే పైలట్ రహిత విమానం దేశీయంగా రూపొందిన 55 అశ్వశక్తి వాంకెల్ ఇంజనుతో ఎగిరినది. బెంగుళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాలలు, వైమానిక అభివృద్ధి సంస్థ, నాటి అహమద్‌నగర్‌లోని వాహన పరిశోధన సంస్థ దీనికై కలిసి కృషి చేసినవి.

ఇంజను ప్రభుత్వ ప్రయోగశాలలో తయారైనా, ఇంటి కొట్టంలో అమర్చబడినా, పుట్టిన వేడిని బయటికి పంపే మార్గం తెగకుండా చూడడమే ప్రధానం. ఎగరడానికి ముందు పైలట్ రెక్కలను, ప్రొపెల్లరును పరిశీలించినంత శ్రద్ధగా ఇంజను కప్పు తెరచి, ప్రతి బిగింపును చేతితో తాకి చూడవలెను. ఆ పరిశీలనకు పట్టేది కొద్ది నిమిషాలు. దానిపై ఆధారపడి ఉన్నది ఒక ప్రాణం.