యజమాని ఒక్కరు కాదు, రెండు వేల మంది: ఇంగ్లాండ్‌లో లూయిస్ ఫుట్‌బాల్ క్లబ్ కథ

ఇంగ్లాండ్ ఫుట్‌బాల్ అనగానే మనవాళ్లకు మాంచెస్టర్ యునైటెడ్, లివర్‌పూల్, ఆర్సెనల్ లాంటి పేర్లే గుర్తొస్తాయి. ఇంట్లో కుర్రాళ్లు రాత్రి మేలుకుని చూసేవీ ఆ మ్యాచ్‌లే. కానీ ఆ దేశంలో దాదాపు ప్రతి చిన్న ఊరికీ ఒక క్లబ్ ఉంటుంది. టీవీ కెమెరాలు అక్కడికి రావు, కోట్ల జీతాలు ఉండవు. ఆటగాళ్లలో చాలామంది పగలు ఉద్యోగం చేసుకుని సాయంత్రం ప్రాక్టీస్‌కు వస్తారు.

అలాంటి వాటిలో లూయిస్ ఒకటి. లండన్‌కు దక్షిణంగా, బ్రైటన్ పక్కన, సుమారు 17 వేల మంది ఉండే ఊరు. మన దగ్గర ఒక మండల కేంద్రం అంత ఉంటుంది. ఆ ఊరి క్లబ్ 2010లో మూతపడే దాకా వెళ్లి బతికింది. ఏడేళ్ల తర్వాత, 2017లో, పెద్ద క్లబ్బులు ఏవీ చేయని ఒక పని చేసింది. ఈ రెండింటికీ మూలం ఒకే ప్రశ్న. క్లబ్ ఎవరిది?

నాన్-లీగ్ అంటే ఏంటి?

ఇంగ్లాండ్ ఫుట్‌బాల్‌ను ఒక మెట్ల వరుస అనుకోవచ్చు. పైమెట్టు ప్రీమియర్ లీగ్, అందులో 20 క్లబ్బులు. దాని కింద మూడు మెట్లలో 72 క్లబ్బులు. మొత్తం 92. ఐదో మెట్టు నుంచి కింద ఉన్నవన్నీ నాన్-లీగ్ కిందకే వస్తాయి. లీగ్ లేదని కాదు. పాత 'ఫుట్‌బాల్ లీగ్'లో సభ్యత్వం లేనివి కాబట్టి ఆ పేరు పడింది.

గెలిస్తే పైమెట్టు ఎక్కవచ్చు, ఓడితే దిగాలి. ఒకప్పుడు ఐదో మెట్టు నుంచి నాలుగోదానికి రావాలంటే పై క్లబ్బుల ఓట్లు కావాలి. 1987 నుంచి ఐదో మెట్టులో మొదటి స్థానం సాధించిన క్లబ్బుకు నేరుగా పైకెళ్లే దారి తెరుచుకుంది.

ఆశ అందరికీ ఉంది, డబ్బు మాత్రం పైనే ఉంది. టీవీ హక్కుల కోట్లు కింది మెట్లకు చేరేసరికి చుక్కలే. కింద ఉన్న క్లబ్ బతికేది టికెట్ డబ్బులు, క్యాంటీన్ అమ్మకాలు, ఊళ్లోని దుకాణాల స్పాన్సర్‌షిప్, ఎఫ్ఏ కప్‌లో ఒకటి రెండు రౌండ్లు గెలిస్తే వచ్చే ప్రైజ్ మనీ మీదే. ఆదాయం ఇంతే. ఖర్చులో పెద్ద భాగం జీతాలు. పైమెట్టు ఎక్కాలనే తొందరలో జీతాలు పెంచితే లెక్క తప్పుతుంది. నాన్-లీగ్ చరిత్రలో మునిగిన క్లబ్బుల కథ చాలావరకు ఇదే.

పళ్లెం లాంటి గ్రౌండ్

లూయిస్ క్లబ్ 1885లో పుట్టింది. అప్పటి నుంచీ దాని గ్రౌండ్ పేరు 'డ్రిప్పింగ్ పాన్'. చుట్టూ గడ్డి గట్లు, మధ్యలో పళ్లెంలా లోతుగా ఉండే మైదానం. పక్కనే పాత క్రైస్తవ మఠం శిథిలాలు ఉన్నాయి. ఆ మఠంలోని సన్యాసులు ఇక్కడ ఉప్పు తయారు చేసేవారని, అందుకే ఆ పేరని ఊళ్లో ఒక కథ చెప్పుకుంటారు. రైల్వే స్టేషన్ నుంచి నాలుగడుగులు వేస్తే గ్రౌండ్ వచ్చేస్తుంది. స్థలం స్థానిక కౌన్సిల్‌ది కావడం ఒక మేలు. సొంత యజమానికి అప్పులైతే గ్రౌండ్ అమ్మేసి ఇళ్లు కట్టుకునే వీలు ఇక్కడ లేదు.

క్లబ్ ముద్దుపేరు 'రూక్స్', అంటే కాకి జాతికి చెందిన ఒక నల్లని పక్షి. 1920లో సస్సెక్స్ కౌంటీ లీగ్ మొదలైనప్పుడు అందులో చేరింది. 1965లో ఏథెనియన్ లీగ్‌కు, 1977లో ఇస్త్మియన్ లీగ్‌కు వెళ్లింది. ఎనభై ఏళ్లకు పైగా పెద్ద సంచలనాలు లేవు. శనివారం మధ్యాహ్నం తండ్రులు పిల్లల్ని తీసుకుని వచ్చేవారు, మ్యాచ్ చూసి వెళ్లేవారు.

ఎక్కిన మెట్టే బరువైంది

2004లో క్లబ్ ఆరో మెట్టుకు, 2008లో ఐదో మెట్టుకు చేరింది. 123 ఏళ్లలో అంత పైకి రావడం అదే మొదలు. ఇంకొక్క మెట్టు ఎక్కితే 92లో ఒకటి. ఊరంతా సంబరపడాల్సిన సమయమది.

కానీ ఖాతా పుస్తకం వేరే మాట చెప్పింది. ఆ స్థాయిలో జట్టును నడిపేంత ఆదాయం లేదు. ఖర్చు తగ్గించాలని నిర్ణయించడంతో, గెలిపించిన మేనేజర్‌తో పాటు ఆటగాళ్లలో చాలామంది వెళ్లిపోయారు. మరుసటి సీజన్లో జట్టు చివరి స్థానంలో నిలిచి కిందకు దిగింది. అప్పులు, పన్ను బకాయిలు మీద పడ్డాయి. 125 ఏళ్ల పండుగ చేసుకోవాల్సిన ఏడాదికి క్లబ్ మూసివేత అంచున నిలబడింది.

ఒక మనిషికి ఒక ఓటు

2010 జులైలో ఊళ్లోని కొందరు అభిమానులు కలిసి 'రూక్స్ 125' పేరుతో క్లబ్‌ను చేతిలోకి తీసుకున్నారు. వాళ్లు తమ పేరు మీద పెట్టుకుని ఉండవచ్చు. అలా చేయలేదు. 'కమ్యూనిటీ బెనిఫిట్ సొసైటీ' అనే చట్టబద్ధమైన రూపంలోకి మార్చారు.

ఇది మన పాల సహకార సంఘానికి దగ్గరి చుట్టం. ఏడాదికి ఇంత అని చందా కట్టిన ఎవరైనా యజమానే. మొదట్లో ఆ చందా 30 పౌండ్లు, అంటే ఇప్పటి మారకంలో మూడు వేల రూపాయల పైచిలుకు. మామూలు కంపెనీలో ఎన్ని షేర్లుంటే అన్ని ఓట్లు. ఇక్కడ ఎంత ఎక్కువ ఇచ్చినా ఒక మనిషికి ఒకే ఓటు. లాభం వస్తే డివిడెండ్‌గా పంచుకోరు, క్లబ్‌కే ఖర్చు పెడతారు. డైరెక్టర్లను సభ్యులే ఎన్నుకుంటారు. ఏడాదికోసారి అందరి ముందు హిసాబు చెప్పాలి. మొహల్లాలో చందా వేసుకుని కమిటీ చేత లెక్క చెప్పించుకోవడం తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. కాలక్రమంలో యజమానులు రెండు వేలు దాటారు. ఊరు ఎన్నడూ చూడని విదేశీయులు కూడా అందులో ఉన్నారు.

ఈ పద్ధతి మహిమ చేయలేదన్నది కూడా చెప్పాలి. జట్టు 2011లో ఏడో మెట్టుకు, 2016లో ఎనిమిదో మెట్టుకు జారింది. 2018లో తిరిగి ఏడో మెట్టు ఎక్కింది. కానీ తలుపులు మూయలేదు.

అదే ఏడాది పుట్టిన మరో క్లబ్

ఈ తేడా అర్థం కావాలంటే ఇంగ్లాండ్ ఉత్తరాన ఉన్న బరీ క్లబ్‌ను చూడాలి. అదీ 1885లోనే పుట్టింది. లూయిస్ కంటే ఎంతో పెద్దది, 1900లో, 1903లో ఎఫ్ఏ కప్ గెలిచింది. 2018 చివర్లో అది 1 పౌండ్‌కు చేతులు మారింది. అప్పులు తీర్చే దారి చూపించలేకపోవడంతో 2019 ఆగస్టులో లీగ్ దాన్ని బహిష్కరించింది. తరాలుగా టికెట్ కొన్న అభిమానులకు ఆ రోజు మాట్లాడే హక్కే లేదు, ఎందుకంటే కాగితాల మీద వాళ్లు ఎవరూ కారు. తర్వాత అభిమానులే కూడి పోరాడి, కింది మెట్ల నుంచి బరీ పేరును మళ్లీ నిలబెట్టుకోవాల్సి వచ్చింది.

ఇలాంటి దెబ్బల తర్వాత బ్రిటన్ 2025లో చట్టం చేసి ఫుట్‌బాల్‌కు స్వతంత్ర నియంత్రణ సంస్థను పెట్టింది. అయితే అది చూసేది పై ఐదు మెట్ల క్లబ్బులనే. లూయిస్ లాంటి చిన్న క్లబ్బులు తమ కాపలా తామే కాసుకోవాలి.

మగవాళ్లకు ఎంతో, ఆడవాళ్లకూ అంతే

లూయిస్ పేరు ప్రపంచానికి తెలిసింది 2017 జులైలో. మహిళల జట్టుకు, పురుషుల జట్టుకు సమానంగా ఆటగాళ్ల బడ్జెట్ ఇస్తామని ప్రకటించింది. ప్రొఫెషనల్, సెమీ ప్రొఫెషనల్ క్లబ్బుల్లో ఈ పని మొదట చేసింది ఇదే.

దీని వెనుక పాత లెక్క ఒకటుంది. 1920లో లివర్‌పూల్‌లో మహిళల మ్యాచ్ చూడటానికి 50 వేల మందికి పైగా వచ్చారు. ఆ మరుసటి ఏడాదే ఇంగ్లాండ్ ఫుట్‌బాల్ సంఘం తన క్లబ్బుల మైదానాల్లో మహిళలు ఆడకుండా నిషేధించింది. అది దాదాపు 50 ఏళ్లు కొనసాగింది. "ఆడవాళ్ల ఆటకు జనం రారు, డబ్బు రాదు" అనేవారు ఆ యాభై ఏళ్లు గేటు ఎవరు మూశారో మర్చిపోతారు.

పైగా 2017లో లూయిస్ పురుషుల జట్టు ఎనిమిదో మెట్టులో ఉంటే, మహిళల జట్టు తన వరుసలో మూడో మెట్టులో ఉంది. మెరుగ్గా ఆడుతున్న వాళ్లకు తక్కువ ఎందుకివ్వాలి? ఒక్క యజమాని ఉంటే "లాభం ఎంత?" అని అడిగేవాడేమో. ఇక్కడ అడగాల్సింది సభ్యుల్ని, వాళ్లలో ఆడపిల్లల తల్లిదండ్రులూ ఉన్నారు.

2018లో మహిళల జట్టు రెండో మెట్టుకు చేరింది. 2019లో క్లబ్ ఫుట్‌బాల్ సంఘానికి బహిరంగ లేఖ రాసింది. ఎఫ్ఏ కప్ గెలిచిన పురుషుల జట్టుకు 36 లక్షల పౌండ్లు, మహిళల జట్టుకు 25 వేల పౌండ్లు ఏంటని అడిగింది. తర్వాత మహిళల ప్రైజ్ మనీ మొత్తాన్ని ఏడాదికి 30 లక్షల పౌండ్లకు పెంచారు. ఇంకా సమానం కాలేదు. 2023 మార్చిలో డ్రిప్పింగ్ పాన్‌లోనే లూయిస్ మహిళలు మాంచెస్టర్ యునైటెడ్‌తో ఎఫ్ఏ కప్ క్వార్టర్ ఫైనల్ ఆడారు. 1-3తో ఓడారు.

మిగిలిన ప్రశ్న

అయితే సమానత్వానికీ బిల్లు వస్తుంది. పెద్ద క్లబ్బులు మహిళల ఆటలో డబ్బు పోయడం మొదలెట్టాక లూయిస్‌కు పోటీ కష్టమైంది. 2023లో మెర్క్యురీ 13 అనే పెట్టుబడి సంస్థ మహిళల జట్టు కోసం చర్చలు జరిపింది. ఒప్పందం కుదరలేదు. 2024లో జట్టు రెండో మెట్టు నుంచి దిగిపోయింది.

కాబట్టి లూయిస్‌ది గెలుపు కథ అనుకుంటే పొరపాటు. అందరి చేతిలో ఉన్న క్లబ్‌కు ట్రోఫీలు వస్తాయన్న గ్యారంటీ లేదు. ఉన్న గ్యారంటీ ఒక్కటే. ఏ ఒక్కరో రాత్రికి రాత్రి సంతకం పెట్టి దాన్ని అమ్మేయలేరు. జట్టు ఓడిన శనివారం కూడా, గడ్డి గట్టు మీద నిలబడి చూసే ఆ పిల్లాడి తండ్రికి ఒక ఓటు ఉంటుంది. అతని పక్కన నిలబడిన ధనవంతుడికీ అదే ఒక్క ఓటు.